వంతెన కింద మీటరు

పొద్దున్నుంచీ వాన. నది పొంగుతోందని టీకొట్టులో ఎవరికీ కుదురు లేదు. వైర్ల బాబాయి అని అందరూ పిలిచే ఎలక్ట్రీషియన్ మాత్రం లేస్తూ కూర్చుంటూ చెప్పుకుపోతున్నాడు.

"నేనుండగా మీకెందుకర్రా భయం. వంతెన కింద నీటిమట్టం మీటరు బిగించిందెవరు? ఎవరో పుణ్యాత్ములు దాని డ్రాయింగు ఇంటర్నెట్టులో ఊరికే పెట్టారు, ఎవరైనా చేసుకోండని. చూసి చేశాను. నీళ్లెంత ఎత్తున్నాయో మ్యాపులో పెడుతుంది, ఎవరి ఫోన్లోనైనా కనబడుతుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ డ్రాయింగులో తప్పు దొరికింది. దిద్ది మళ్లీ అందరికీ పెట్టాను. తెల్లారేసరికి పది దేశాల వాళ్లు..."

"నిన్న మూడన్నావు," అన్నాడు ఆటో డ్రైవరు.

"నిన్నటి సంగతి నిన్నటిది. ఒక దేశంలోనైతే నది ఎటు తిరగాలో తెలీక నాకు ఫోన్ చేశారు. ఎడమకి పోనీయండన్నాను, పోయింది. అంతెందుకు, ఇప్పుడు చేపలు కూడా ఆ మ్యాపు చూసుకునే ఈదుతున్నాయి."

"చేపలకు ఫోన్లెవరు కొనిచ్చారు?" అంది టైలరక్క, వాకిలి వైపే చూస్తూ.

"అందరికీ అన్నాక అందరికీనమ్మా. చేపకో న్యాయం, మనిషికో న్యాయమా? మొన్న ఓ మేఘం ఇక్కడిదాకా వచ్చి, మ్యాపు చూసి, ఇక్కడ నీళ్లు చాల్లే అని సిగ్గుపడి వెనక్కెళ్లింది. ఇప్పుడు చూడండి, ఇంత వాన కురిసినా నది..."

"అంగుళం పెరగలేదు," అంది టైలరక్క, ఫోన్ తీసి చూస్తూ.

"చెప్పానా. నా మాట జవదాటదు."

"మధ్యాహ్నం నుంచీ ఒకటే అంకె బాబాయ్. నేనొస్తుంటే రేవు మెట్లు మునిగిపోయి ఉన్నాయి. నీ మీటరు ఆగిపోయింది. కింది వీధిలో మా అమ్మ దాన్నే చూసుకుని, ఇంకా టైముందిలే అని కూర్చుంది. వీధి వీధంతా అలాగే కూర్చుంది."

బాబాయి ఆమె ఫోన్ మీదికి వంగి ఆ అంకె చూశాడు.

"మ్యాపులో రాసెయ్యమ్మా," అన్నాడు, "మీటరు చెడింది, నమ్మొద్దని."

"నేను రాయొచ్చా?"

"ఎవరైనా రాయొచ్చు."

ఆమె రాస్తుండగానే ఆటో స్టార్టయింది. బాబాయి ఎక్కి కూర్చున్నాడు. కింది వీధిలో దిగి, మోకాటి లోతు నీళ్లలో ఇంటింటి తలుపూ కొట్టాడు.

"నది వచ్చేస్తోంది, లేవండి."

అంతే చెప్పాడు. దానికి ఒక్క ముక్క కూడా కలపలేదు.