పై గదిలో ఊపిరి

టీకొట్టు అక్క పాలు పొయ్యి మీదకి ఎక్కిస్తుండగా మైకాయన వచ్చి బెంచీ మధ్యలో కూర్చున్నాడు. ఖాళీ చివర్న ఉన్నా సరే అతను మధ్యలోనే కూర్చుంటాడు, అటూ ఇటూ ఉన్నవాళ్ళు జరగాల్సిందే. సినిమాలకి చప్పుళ్ళు పట్టడం అతని పని. తలుపు కిర్రుమంటే పడతాడు, వాన పడితే పడతాడు. ఆయన నోరు మాత్రం ఎవరూ పట్టలేరని అక్క అంటుంది.

పక్క హాల్లో ఆ వారమంతా చిన్న సినిమాలు వేస్తున్నారు. పెద్ద హీరోలు లేకుండా, ఇంట్లోవాళ్ళనీ వీధిలోవాళ్ళనీ పెట్టి తీసుకున్నవి. దేశంలో ఏ మూల ఎవరు తీసినా వెతికి పట్టుకుని, అందులో మంచివి ఏరి తెచ్చిందట ఒకావిడ. ఆ ఏరినవాటిలో ఒకటి అక్క ఇంటి పై గదిలోనే తీశారు. అక్క ఇంకా చూడలేదు. కొట్టు కట్టేసి కుర్చీలో కూర్చుని సినిమా చూసేంత తీరిక ఎక్కడిది.

కింద కొట్టు, పైన గది. మొగుడు ఆ గదిలోనే పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి సినిమావాళ్ళు వచ్చి వాళ్ళ సినిమా తీసుకుని వెళ్ళారు, అక్క సున్నం వేయించి అద్దెకి బోర్డు కట్టింది. కొట్టు ఒక్కదాంతో ఇల్లు గడవదు. గది అద్దెకి పోకపోతే ఇల్లు అమ్ముకుని చెల్లెలి పంచన చేరాలి, చెల్లెలి మొగుడు చూసే చూపు అక్కకి తెలుసు. తీరా చూస్తే ఆ సినిమా వేసినప్పట్నుంచీ గది కోసం వచ్చినవాళ్ళు మెట్ల దాకా వచ్చి, పైకి ఓసారి చూసి, మళ్ళీ వస్తామని పోతున్నారు. ఎవరూ మళ్ళీ రాలేదు.

ఇవాళ గది చూడ్డానికి కళ్ళద్దాల షాపులో పనిచేసే అమ్మాయి వచ్చింది. చెప్పిన టైముకన్నా ముందే వచ్చిందని, ఊరికే నిలబడటం ఎందుకని టికెట్లు చింపే బాబాయి హాల్లోకి పంపాడు. సినిమా చూసి ఇప్పుడే వచ్చి బెంచీ చివర కూర్చుంది. మొహం పాలిపోయి ఉంది. పాలు పొంగాక గది చూపిద్దామని అక్క చూస్తోంది. మైకాయనకి ఆ పిల్ల ఎవరో తెలీదు.

"ఏంటయ్యా, మీ సినిమాకి జనం బాగానే వస్తున్నారు," అన్నాడు టికెట్ల బాబాయి.

"నాదేముంది బాబాయ్, చిన్న పని," అన్నాడు మైకాయన. అలా మొదలెట్టాడంటే ఇక ఆపడని అందరికీ తెలుసు. "ఏ గదికి ఆ గది నిశ్శబ్దం ఉంటుంది. మీ చెవికి అన్నీ ఒకటే, నా చెవికి కాదు. షూటింగ్ అయ్యాక అందర్నీ బయటికి పంపి, తలుపు వేసి, ఉత్త గదిని కాసేపు పట్టుకుంటాం. మాటకీ మాటకీ మధ్య ఆ ముక్క అతికిస్తాం, లేకపోతే సినిమా చిల్లులు పడ్డ దుప్పటిలా ఉంటుంది. అంతే. ఇదిగో ఈ పై గదిలో నేనొక్కణ్ణే కూర్చుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఆ ఉత్తదాన్ని పట్టాను."

"దానికింత హడావుడా?"

"ఉత్తదైతే హడావుడెందుకు బాబాయ్. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పెట్టి వింటే అందులో ఊపిరి ఉంది. గదిలో నేను తప్ప పురుగు లేదు. నా ఊపిరా అంటే, నేను పనిలో ఉంటే ఊపిరి బిగబడతాను, అది నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు, గంటసేపైనా ఉంటాను..."

"గంటా?"

"ముప్పావు గంట అనుకో. అది కాదు విషయం. మంచం వైపు నుంచి వస్తోంది ఊపిరి. మంచం మీద ఎవరూ లేరు. ఎవరు పోయారో ఆ మంచం మీద, మీకు తెలుసు నాకు తెలుసు."

గ్లాసులు కడుగుతున్న అక్క చెయ్యి ఆగింది. మళ్ళీ కడగడం మొదలెట్టింది.

అప్పటిదాకా మాట్లాడని ఆ అమ్మాయి మెల్లగా అంది. "నిజమే. వినిపిస్తుంది. సినిమాలో ఒకావిడ ఒక్కతే దుప్పటి మడతపెడుతూ ఉంటుంది, మాటల్లేవు, పాటల్లేవు. మంచం వైపు నుంచి ఎవరో పడుకున్నట్టే. నా ముందు కూర్చున్నాయన లేచి వెళ్ళిపోయాడు."

బెంచీ మీద ఎవరూ కదల్లేదు. మైకాయనకి మాత్రం నడుము నిటారైంది. సాక్షి దొరికింది కదా.

"చూశారా. ఈ ఒక్క హాల్లోనే కాదమ్మా. ఆ ఏరినావిడ ఉందే, ఆవిడ తన గదిలో తలుపేసుకుని ఈ సినిమా చూస్తుంటే చేతి గడియారం ఆగిపోయింది. అందుకే ఏరింది, కథ బాగుందని కాదు. తర్వాత ఎక్కడో పరాయి దేశంలో వేశారు, ఆ సీను వచ్చేసరికి హాల్లో ఉన్నవాళ్ళంతా తెలీకుండానే ఆ ఊపిరితో కలిపి పీల్చడం మొదలెట్టారు. అందరూ ఒకేసారి లోపలికి, ఒకేసారి బయటికి. గోడలు ఉబ్బాయి. నేను చూశాను, కళ్ళారా. ఒక ముసలాయన సినిమా అయ్యాక తన ఊపిరి ఏదో దానిది ఏదో మర్చిపోయి, అది ఆగితే తనూ ఆగిపోయాడు."

"పోయాడా?" అన్నాడు బాబాయి.

"కూర్చున్నవాడు కూర్చున్నట్టే. టికెట్ చేతిలోనే ఉంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హాలు తలుపులు తీశారు, తియ్యకుండా ఉండాల్సింది. నిశ్శబ్దం బయటికొచ్చేసింది. వీధిలో కుక్కలు నోరు తెరుస్తున్నాయి, మొరుగు లేదు. ఫైరింజన్ పోతోంది, చక్రాలు తిరుగుతున్నాయి, గంట లేదు. ఆ నిశ్శబ్దం పట్టిన అసలు టేపు నా దగ్గర రేకు డబ్బాలో ఉంది, ఇంట్లో. ఓ రోజు మూత సరిగ్గా పెట్టలేదు. పక్కింట్లో ఆ పూటే కాన్పు. బిడ్డ పుట్టింది, కాళ్ళూ చేతులూ ఆడిస్తోంది, నోరు తెరిచింది, ఏడుపు లేదు. మంత్రసాని తలకిందులుగా పట్టుకుని కొడుతోంది, దెబ్బ చప్పుడు కూడా లేదు. నేను పరిగెత్తుకెళ్ళి మూత బిగించాను. అప్పుడు ఏడ్చింది."

ఎవరో నవ్వబోయి మానేశారు. నవ్వితే ఆ నవ్వు వినపడకపోతే ఏం చెయ్యాలన్నట్టు ఉంది. ఎండ రోడ్డు మీద తెల్లగా కాస్తోంది, ఒక్క బండి లేదు. పొయ్యి మీద పాలు కూడా చప్పుడు చెయ్యకుండా కాగుతున్నాయి. అమ్మాయి సంచీ ఒళ్ళోంచి భుజానికి మార్చుకుంది.

అక్క చూసింది. ఇలా సంచీ భుజానికి మార్చుకున్నవాళ్ళెవరూ గది దాకా రాలేదు.

"ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు," అన్నాడు మైకాయన గొంతు తగ్గించి. "ఆ ఊపిరిని బాగా నెమ్మది చేసి విన్నాను. మాట ఉంది అందులో. నా గది ఎవరికీ ఇవ్వొద్దు అంటోంది."

అక్క గ్లాసు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఎలా ఉంది ఆ ఊపిరి?"

"అక్కా, నువ్వు వినలేవు. ఆడమనిషివి, ఒంటరిదానివి..."

"చేసి చూపించు. ఎలా ఉంది?"

మైకాయన అందరి వైపూ చూసి, కళ్ళు మూసుకుని, గాలి లోపలికి లాగాడు. లాగి ఆపాడు. ఆపుతూనే ఉన్నాడు. బాబాయి కూడా ఆపేశాడు తెలీకుండా. ఆ ఆపడం దగ్గర అక్క తలెత్తి పై కిటికీ వైపు చూసింది. చివరి రోజుల్లో మొగుడు అలాగే ఆపేవాడు, తీస్తాడో తియ్యడో అని తను గోడకి ఆనుకుని చూస్తూ కూర్చునేది. ఆయనే అయితే, అనుకుంది. ఆయనే అయితే పోనీ గది ఖాళీగానే ఉండనీ, ఇల్లు ఏమన్నా అవనీ.

మైకాయన ఊపిరి వదిలాడు. చివర్న సన్నగా ఈల వచ్చింది, ఇంట్లో ఎక్కడో కెటిల్ మరిచిపోయినట్టు.

"అది కూడా ఉందా?" అంది అక్క, ఆ పిల్ల వైపు తిరిగి. "ఆ ఈల?"

"ఉందండీ. అచ్చం అలాగే."

"ఊఁ," అంది అక్క. తర్వాత మామూలు గొంతుతో అంది. "మా ఆయన ఊపిరికి ఈల లేదు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్నదాన్ని. ఆ ఈల మాత్రం నేను విన్నాను. ఆ రోజు మీవాళ్ళంతా భోజనానికి కిందకి పోతే నీకొక్కడికీ టీ పట్టుకుని పైకొచ్చాను. తలుపేసి ఉంది. చప్పుడు చేస్తే తంతామన్నారని మెట్టు మీదే నిలబడ్డాను. టీ చల్లారింది. తలుపు సందులోంచి చూస్తే నువ్వు మంచం మీద, గోడకి జారబడి, చెవులకి అవి తగిలించుకుని, నోరు తెరుచుకుని ఉన్నావు. ఇదే ఈల. మీ పని ఇలాగే ఉంటుందేమో, లేపితే పాడవుతుందేమో అని లేపలేదు."

బాబాయి టీ ముక్కులోకి పోయింది. ముందు దగ్గు, తర్వాత నవ్వు, బెంచీ అంతా ఊగింది. వీధిలోకి చప్పుడు తిరిగొచ్చినట్టయింది.

"అయితే ఆ ముసలాయన ఎవరి గురకతో పోయినట్టు?" అన్నాడు బాబాయి కళ్ళు తుడుచుకుంటూ.

మైకాయన గ్లాసులోకి చూస్తున్నాడు. వాళ్ళు వినకుండా అక్కతో అన్నాడు. "అక్కా, ఆ ఏరినావిడ సాయంత్రం నన్ను స్టేజీ మీదకి రమ్మంది. ఆ ఊపిరి గురించి నాలుగు మాటలు చెప్పమంది."

"చెప్పు. మెలకువగా ఉండి చెప్పు. గది మాట మాత్రం ఎత్తకు, ఎత్తితే నేనూ వచ్చి మొదటి వరసలో కూర్చుంటాను."

అక్క పాలు దించి, అమ్మాయి దగ్గరికి వచ్చింది. దాచి లాభం లేదనుకుంది.

"మా ఆయన ఆ గదిలోనే పోయాడమ్మా, అది అబద్ధం కాదు. ఎవరైనా ఎక్కడో ఒకచోట పోవాల్సిందే. ఉంటే ఉండు, లేకపోతే లేదు."

అమ్మాయి మైకాయన్ని చూసింది, పై కిటికీ చూసింది.

"ఈయన ఇల్లెక్కడండీ?"

"మార్కెట్ అవతల."

"పై గది గోడ పక్కన కాదుగా?"

"కాదు."

"అయితే పదండి, చూపించండి," అని అమ్మాయి సంచీ బెంచీ మీదే వదిలేసి లేచింది.