కుడిచెయ్యి మొక్కు

సూర్యాపేట బస్టాండు ఎదురుగా ఒక బేకరీ. మూల బల్ల దగ్గర పెళ్లి కుదిరిన ఇద్దరు కూర్చున్నారు. మిర్యాలగూడ రైస్ మిల్లులో లారీలు తూకం వేసే పరశురాములు, కోదాడలో బట్టలు కుట్టే కల్పన. పెళ్లి వచ్చే వారమే. రమ్మన్నది ఆమె, మొదట మాట్లాడిందీ ఆమే.

"సమోసా చల్లారిపోతుంది, తినండి."

"తింట. ఏం తొందర."

"ఎడమచేత్తోనే తినండి, నేనేం అనుకోను. మొక్కు కదా."

"ఆ. మొక్కు."

"పెద్దగట్టు సామికి."

"ఆ, లింగమంతుల సామికే."

"పెళ్లయ్యేదాకా కుడిచెయ్యి దేనికీ ఎత్తనని."

"మా సైదయ్య మామ చెప్పిండు గదా మీ ఇంట్ల అందరికి."

"మీ మామ చెప్పాడు. మీరు చెప్పలేదు. అందుకే అడుగుతున్నా."

"మేనమామ గదా. ఆయన చెప్తే నేను చెప్పినట్టే."

"మా నాయనమ్మ ఎంత మురిసిపోయిందో తెలుసా? ఈ కాలంలో ఇంత భక్తి ఉన్న పిల్లగాడు ఎక్కడ దొరుకుతాడని వీధంతా తిరిగి చెప్పింది."

"పెద్దమనిషి. మంచిది."

"ఇప్పుడు కొత్త ముచ్చట తెచ్చింది. మొక్కు పందిట్లోనే తీరాలంట. పుస్తె కుడిచేత్తో పైకెత్తి, అందరికీ చూపించి, ఆ చేత్తోనే మూడు ముళ్లు వేయాలంట. డప్పులోళ్లను కూడా మాట్లాడింది."

"డప్పులెందుకు?"

"చెయ్యి లేచినందుకు. ఇదిగో సీసా, మంచినీళ్లు తాగండి."

"మూత జర..."

"మీరే తియ్యండి. చూస్తా."

"ఏమున్నది సూసేతందుకు? మూతనే గదా. ఇగో, వచ్చింది."

"మోకాళ్ల మధ్య బిగించి తిప్పుతారా? బాగుంది. మొక్కుకున్నోళ్లందరికీ వస్తుందా ఈ విద్య?"

"అలవాటైంది."

"ఎన్నాళ్ల మొక్కు ఇది?"

"కొన్నాళ్లు."

"కొన్నాళ్లంటే?"

"పోలీసోళ్ల తీరు అడుగుతున్నవ్ గదా."

"టైలర్ని. చూపులకొచ్చిన రోజే మీ చొక్కా చూశా. పైకి గుండీలు కనబడుతున్నాయి గానీ కాజాల్లేవు. లోపల టిచ్ బటన్లు. పెళ్లైతే తీరిపోయే మొక్కుకు చొక్కాలు మార్పించుకుంటారా ఎవరన్నా?"

"ఒక్క చొక్కానే."

"ఇవాళ వేసుకుంది ఇంకోటి. దీనికీ అవే."

"చాయ్ సల్లారుతది, కల్పనా."

"పరశురాములూ!"

"ఏంది, పేరు పెట్టి పిలుస్తున్నవ్?"

"కోపం వస్తే నాకు పేరే వస్తది. ఆ చెయ్యి లేస్తదా, లేవదా?"

"లేవదు."

"అసలే?"

"ఏళ్లు కదుల్తయి. ఏదన్న అందిస్తె జర పట్టుకుంటది. భుజమే లేవదు. త్రిపురారం కాడ బండి జారి కాల్వ కట్ట మీద పడ్డ. భుజంల నరం తెగింది. హైదరాబాద్ దవాఖానల ఆపరేషన్ చేసిన్రు. అయిన కాడికి అయింది."

"ఈ ముక్క చెప్పడానికి సామిని తెచ్చి మధ్యలో కూర్చోబెట్టాలా?"

"నేను కూసోవెట్టలె. చూపుల దినం మీ నాయనమ్మ ఆకు వక్క ఇస్తే ఎడమచెయ్యి సాపిన. ఆమె మొఖం మాడ్చింది. 'గదేంది బిడ్డా, ఎడమచేత్తోనా?' అన్నది. నేను నోరు తెరిసేలోపల్నే మామ అందుకున్నడు. 'మొక్కున్నదమ్మా' అన్నడు. నేనూ గప్పుడే విన్న."

"అప్పుడే కాదనాల్సింది."

"ఆమె లేసొచ్చి నా కాళ్లకు దండం పెట్టింది. ఎట్ల కాదందు? నవ్వుతున్నవా?"

"లేదు. కోపంగానే ఉన్నా. చెప్పు, ఇంట్లో ఎలా నెట్టుకొస్తున్నావు? లుంగీ?"

"ఒక కొస పంటితోని పట్టుకుంట, ఇంకో కొస చేత్తోని దోపుకుంట. ప్యాంటుకు ఎలాస్టిక్ ఏపిచ్చిన."

"అన్నం?"

"ఎడమచేత్తోనే. మొదట్ల అమ్మ సూడలేక మొఖం తిప్పుకునేది. ఇప్పుడు ఇంకింత కూర ఏస్తది."

"స్నానం?"

"కుడి చంక అల్కగనే అయితది. ఎడమ చంకకే తిప్పలు. గాడికి ఏ చెయ్యి పోవాలె?"

"మరి?"

"గోడకు మొల కొట్టి సబ్బు బట్ట కట్టిన. పోయి దానికి రుద్దుకుంట."

"బర్రె లాగానా?"

"బర్రెకు గుంజ. నాకు మొల."

"మిల్లులో?"

"మిల్లుల ఏముంటది? లారీ కాంటా మీద ఎక్కుతది, నేను మీట నొక్కుత. లారీని లేపేది లేదు గదా."

"మూడు ముళ్లు ఎలా వేస్తావు?"

"నేర్సుకుంటున్న."

"ఎవరి మీద?"

"గొర్రె మీద."

"గొర్రె మీద."

"ఇంకెవలు నిలవడ్తరు? మామను అడిగితే పారిపోయిండు."

"గొర్రె ఏమంది?"

"మొదటిది తాడుతోనే ఉరికింది. ముసల్ది ఒకటున్నది. అది పాపం నిలవడ్డది. మూడు ముళ్లు పడ్డయి."

"మళ్లీ విప్పావా?"

"విప్పరాలె. కత్తెరతోని కోసిన."

"గట్టిగానే పడ్డాయన్నమాట. ఒక్క చేత్తో ఎలా వేశావు?"

"ఒక కొస పంటితోని..."

"పంటితోనా! గొర్రె మెడలో మూతి పెట్టి?"

"ఉన్నిల మూతి పెట్టి. తెల్లారేదాక తుమ్ములే."

"పందిట్లో నాకూ అంతేనా?"

"నీకు ఉన్ని లేదు గదా. మల్ల నవ్వుతున్నవ్."

"నవ్వట్లేదన్నాగా!"

"ఇను, కల్పనా. నువ్వు పిలువకున్నా నేనే వచ్చేటోన్నేమో. ఇయ్యాల నీతోని మీ ఇంటికొస్త. చెయ్యి లేవదు, మొక్కు లేదు అని మీ నాన్నకు, నాయనమ్మకు చెప్త. వద్దంటే వద్దననీ. నాకు బాధైతది, శానా అయితది. గని అందరి ముంగట డప్పులు కొడ్తుంటే నా చెయ్యి లేవక నువ్వు తలకాయ దించుకుంటే, గది నేను ఓర్వలేను."

"నేనెందుకు పిలిచానో తెలుసా? ఈ పెళ్లి వద్దని చెప్పడానికే."

"చెయ్యి సూసి."

"చెయ్యి చూసి కాదు! చెయ్యి సంగతి మొదటి రోజే అర్థమైంది. ఎప్పుడు చెప్తాడా అని రోజూ ఫోన్ దగ్గర ఎదురుచూశాను. మిల్లులో పిల్లి ఈనిందని చెప్పావు. పిల్లలకు ఏ పేర్లు పెట్టాలని కూడా అడిగావు. ఇది మాత్రం చెప్పలేదు."

"భయమైంది."

"దేనికి?"

"నువ్వు పోతవని. గదేనా కోదాడ బస్సు?"

"అదే."

"పోతవా?"

"పోవాలి. నువ్వు మాత్రం రావద్దు."

"ఎందుకు? చెప్పనియ్యవా?"

"చెయ్యి సంగతి నేనే చెప్తా. దానికి ఎవరూ ఏమనరు, మా తాత ఒంటికన్నుతోనే మందను సాకాడు. నాయనమ్మ పట్టుబట్టేది మొక్కు దగ్గరే. సామి పేరుమీద దొంగ మొక్కు చెప్పారంటే ఆ ఇంటికి పిల్లను పంపదు. ఆమె పంపదంటే మా నాన్న కూడా పంపడు."

"గట్లైతే ఖతమే."

"ఖతం కాదు. మొక్కుంది అనే చెప్తా. కాకపోతే మీది కాదు, నాది అని."

"నీకేం మొక్కు?"

"అందరి ముందూ పంటితో ముడి వేసేవాడికే మెడ వంచుతానని."

"డప్పులు?"

"ఉంటాయి. నువ్వు నోరు తెరవగానే కొడతారు."

"గదీ అబద్ధమే గదా, కల్పనా! అబద్ధం ఆడినననే గదా ఇంతసేపు నన్ను తిట్టినవ్?"

"అబద్ధం ఎలా అవుద్ది? నువ్వు ఆ ముసలి గొర్రె సంగతి చెప్తున్నప్పుడే సామికి మొక్కుకున్నా."