లేసుల్లేని బూట్లు

అది కాదు బావగారూ, ఇంతదానికి ఇంత హడావిడి అవసరమా? నలభైమంది పిల్లలు వరసలో నిలబడి చూస్తుంటే, డ్రిల్లు మాస్టారి జబ్బ పట్టుకుని గ్రౌండులోంచి లాక్కొచ్చేస్తారా? మెడలో టేపైనా తీయలేదు మీరు. కొలతలకొచ్చిన టైలరు ఏకంగా మాస్టార్నే ఎత్తుకుపోయాడని రేపు బడంతా చెప్పుకుంటారు.

నవ్వండి. నవ్వరా? సరే.

ఈ చక్రాల కుర్చీ ఒకటి! ఆపరేషను గది పదడుగుల దూరంలో ఉంది. నడిచి వెళ్తానంటే నర్సమ్మ గుడ్లురిమింది. పద్దెనిమిదేళ్లుగా పిల్లల్ని పరిగెత్తించినవాణ్ణి, నన్ను నడవొద్దంటోంది! పైగా ఈ గౌను. వెనకాల తాళ్లు ముడిపడ్డాయో లేదో కాస్త చూసిపెడుదురూ. మీరు ముడేస్తే ఊడదు.

మా పెద్దదే కదూ మీకు ఫోన్ చేసింది? మీరు చెప్పక్కర్లేదు. ఇంటర్వెల్లో అది బడి ఆఫీసు ఫోన్ దగ్గర నిలబడి ఉండటం కిటికీలోంచి చూశాను. ముక్కు తుడుచుకుంటోంది. జలుబు కాబోలనుకున్నాను. ఎంత తెలివిగలవాణ్ణో చూడండి!

ఒట్టేయించుకున్నాను బావగారూ దానిచేత. ఎవరికీ చెప్పనని. పదమూడేళ్ల పిల్ల, మూడు నెలలు ఆ ఒట్టు నిలబెట్టుకుంది.

అవును, మూడు నెలలు. అలా చూడకండి, చెప్తున్నాగా.

పరుగు పందేలకి గ్రౌండులో సున్నంతో గీతలు గీస్తున్నాను. నాలుగో గీత దగ్గర, ఎవరో గుండెల మీద రోలు దింపినట్టయింది. ఎడమ చెయ్యి నాది కాదనిపించింది. సామాన్ల గదిలోకి వెళ్లి హైజంపు పరుపు మీద పడుకున్నాను. పావుగంటకి తగ్గింది. లేచి చూస్తే గీత పాములా మెలికలు తిరిగి ఉంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఊరికి ఆ చివరున్న డాక్టరు దగ్గరికి పోయాను. గుండె నాళం పూడుకుపోయినట్టుంది, పెద్దాసుపత్రిలో పరీక్షలు చేయించుకో, ఈలోగా పరిగెత్తొద్దు, మెట్లెక్కొద్దు, కంగారుపడొద్దు అన్నాడు. నేను చేసే పనులు ఆ మూడే డాక్టరుగారూ, అన్నాను. ఆయనా నవ్వలేదు, మీలాగే.

ఎలా చెప్పమంటారు? మీకు మా పాత డ్రిల్లు మాస్టారు గుర్తున్నాడా? మోకాళ్లు అరిగాయని పాపం నిజం చెప్పాడు. అయ్యో అలాగా అని లైబ్రరీలో కూర్చోబెట్టారు. రెండు నెలలకి, లైబ్రరీకి మనిషి అక్కర్లేదన్నారు. నేనొచ్చింది ఆ ఖాళీలోనే కదా! నిజం చెబితే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

బళ్లో సరే, ఇంట్లో ఎందుకు చెప్పలేదంటారా? మీ చెల్లెల్ని మీరెరగరా? మందుల షాపులో పదిగంటలు నిలబడి వస్తుంది. వచ్చి కాళ్లు బకెట్లో పెట్టుకుని, ఒళ్లో చిన్నదాన్ని కూర్చోబెట్టుకుని, పెద్దదాని లెక్కలు చూస్తుంది. ఆ మనిషి చేతుల్లో, ఇదిగో నా గుండె కూడా కాస్త పట్టుకో అని ఎలా పెట్టను?

కాదులెండి. అది సగమే నిజం. మిగతా సగం సిగ్గు. పెళ్లిచూపుల్లో మీరే కదా అన్నారు, కుర్రాడు గుర్రంలా ఉన్నాడే అని? ఆ మాట మోసుకు తిరుగుతున్నాను ఇన్నాళ్లూ.

మీ చెల్లెలు మాత్ర రంగు చూసి జబ్బు చెప్పేస్తుంది. అందుకని సీసా మీద కాగితం గీకేసి, బళ్లో పిల్లలు విసిరే ఇనపగుండ్ల సంచిలో దాచాను. మందులమ్మే ఆవిడ మొగుణ్ణి, రెండు బస్సులు మారి వేరే షాపులో మందులు కొనుక్కున్నాను. ఇంకెవరితోనైనా చెబితే నమ్ముతారా?

అసలు గండం మా మెట్లు. మూడంతస్తులు! చిన్నదానికేమో నా భుజమెక్కితేగాని మెట్టు కనబడదు. ఎత్తుకోకపోతే కింద చతికిలబడి రాగం తీస్తుంది. దాన్ని ఎత్తుకుని, కూరగాయల సంచి తగిలించుకుని ఎక్కుతాను. మలుపు మలుపుకీ ఆగి, వంగి, బూటు లేసు కట్టుకుంటాను. ఊపిరందేదాకా కడుతూనే ఉంటాను. బాగానే ఉంది ఉపాయం, అనుకున్నాను.

ఓ రోజు వెనకాల పెద్దది వస్తోంది. అక్కడే ఆగిపోయి, "నాన్నా, నీ బూట్లకి లేసులే లేవు" అంది.

చూసుకుంటే నిజమే బావగారూ! ఆ వారమే కొత్తవి కొన్నాను, పట్టీల బూట్లు. వాటి మీద వేళ్లు ఆడిస్తూ కూర్చున్నాను, పిచ్చివాడిలా.

చెమట చూసింది, చెయ్యి పట్టుకుంది, అంతా కక్కించింది. అప్పుడు వేయించుకున్నాను ఒట్టు, ఆ మలుపులోనే. "బళ్లో పోటీలు అయిపోనీ తల్లీ, ఆ తర్వాత నేనే అమ్మకి చెప్తాను." అది తలూపి, చిన్నదాన్ని నా భుజం మీంచి దింపి తన చంకనేసుకుంది. ఆ రోజు నుంచి ఆ మోత దానిదే.

పోటీలయ్యాయి. వార్షికోత్సవం కానీ అన్నాను. అదీ అయింది. పరీక్షలు కానీ అన్నాను.

అది నాకు కాపలా కాసింది బావగారూ. తెల్లారుజామున ఏదో వెచ్చగా తగిలి మెలకువ వస్తే, నా ముక్కు కింద దాని వేలు. ఊపిరుందో లేదోనని! నేను నిద్ర నటించాను. ఏం చేయను? చూశానని తెలిస్తే ఆ మాటొకటి మాట్లాడాలిగా.

బళ్లో నా పీరియడ్డు వస్తే చాలు, మంచినీళ్లకని క్లాసులోంచి బయటపడి, గ్రౌండు గోడ దగ్గర నిలబడేది. నేను కనబడితే వెళ్లిపోయేది. అలా పదకొండు పీరియడ్లు ఎగ్గొట్టిందని క్లాసు టీచరు మొన్న చీటీ పంపింది. ఇంటికి. మీ చెల్లెలి పేరున.

ఇక చూడండి. "ఎక్కడికెళ్లావు?" అంది. ఇది నోరు విప్పదు. "ఎవరితో తిరుగుతున్నావే?" అంది. ఉహూ. "నేను అక్కడ నిలబడి నిలబడి చస్తుంటే, నువ్వు చేసే నిర్వాకం ఇదా?" అంది. ఇది గోడకి ఆనుకుని కాలి బొటనవేలు చూసుకుంటోంది.

కొట్టింది. చెంప మీద. మీ చెల్లెలు ఏనాడూ పిల్లల మీద చెయ్యెత్తింది కాదు, మీకు తెలుసు. కొట్టి తనే ఏడ్చింది.

నేనా? అక్కడే ఉన్నాను. చిన్నదానికి పాలు కలుపుతున్నాను. చెంచా తిప్పుతూనే ఉన్నాను.

బావగారూ, ఇది మీకొక్కరికే చెప్తున్నాను. ఊరుకుని ఉన్నా బాగుండేది. ఊరుకోలేదు. మీ చెల్లెలు నావైపు తిరిగి, "మీరైనా అడగరేం?" అంది. నేనేమన్నానో తెలుసా?

"అమ్మ అడుగుతుంటే చెప్పొచ్చు కదే" అన్నాను.

నేనే. ఈ నోటితోనే. నిజమైన తండ్రిలా, కాస్త గొంతు పెంచి మరీ.

అప్పుడు తలెత్తి చూసింది. కోపంగా చూసుంటే బతికిపోదును. భయంగా చూసింది. నాకు ఆయాసం వస్తోందేమోనని! చెంప మీద నాలుగు వేళ్లూ తేలి ఉన్నాయి, అది నా ఛాతీ వంక చూస్తోంది. "ఇక క్లాసు మానను, సారీ అమ్మా" అంది. చేయని తప్పుకి.

ఇవాళ మీకు ఫోన్ చేసింది. దానికి మాత్రం ఎన్నాళ్లు ఓపికుంటుంది? దాన్ని తిట్టుకున్నాను కార్లో, మీ పక్కన కూర్చుని, ఒట్టు తప్పిందని. సిగ్గులేనివాణ్ణి కదూ?

ఇంకో మాట చెప్తే అసహ్యించుకుంటారేమో. ఇందాక డాక్టరు, "ఇంక ఇంటికి పంపం, బడికి పంపం, ఇక్కడే పడుకోవాలి" అంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి నన్ను పడుకోమన్నవాడొకడు దొరికాడు. గుండె నాళంలోకి తీగ వేసి తెరుస్తామంటున్నా, దుప్పటి ఎంత తెల్లగా ఉందో అని చూస్తున్నాను.

ఏమంటోంది నర్సమ్మ? సంతకమా? నేను పెడతానమ్మా, చెయ్యి బాగానే ఉంది. కాదా? ఇంటావిడే పెట్టాలా? వీరు మా బావమ... అదే, మా ఆవిడ అన్నగారే, వీరు పెడితే చాలదా?

చాలదట.

మీ చెల్లెలికి చేసేశారా ఫోన్, బావగారూ? ఎప్పుడు? నేను గౌను మార్చుకునేటప్పుడా? బయల్దేరిందా?

ఏడుస్తోందా?

సరే. రానివ్వండి. గుండె సంగతి మీరే చెప్పండి బావగారూ, అది మీవల్లవుతుంది. మూసుకుపోయింది, తెరుస్తారట, ఇంతేగా! డాక్టరు కూడా చెప్తాడు, బొమ్మ గీసి మరీ చెప్తాడు.

ఆ పాలగ్లాసు దగ్గర నేనన్న మాట మాత్రం నేనే చెప్పుకోవాలి. అది ఎవరూ బొమ్మ గీసి చెప్పలేరు.

చెప్తాననే అంటున్నాను. ఇప్పుడు కాదు, ఈ తీగ వేయడం అయిపోనివ్వండి... చూశారా? మళ్లీ అదే మాట!