బావ వేసిన ఓటు

ఏం బావా, ఇంతమంది తిడుతున్నా ఉలకవు పలకవు? పొద్దున్నించీ పెద్దలంతా వరసగా లేచి నీ మొహమ్మీదే కడిగేశారు. శవాన్ని పొగిడేసి పూడ్చెయ్యడానికి మనమేమన్నా దొరలమా? ఇప్పుడు నా వంతు. పడుకుని విను.

అసలు నిన్ను మెంబర్ని చేసిందెవరు? నేను. దొరలొచ్చి, మీ మావోరీలకి కూడా మా చట్టాల సభలో చోటిచ్చాం, ఒకణ్ణి పంపండి అన్నారా. నీ పేరు చెప్పి, పారాతెనేకి చేతులెత్తండి అని దొర అరిస్తే రెండు చేతులూ ఎత్తాను. కాళ్ళు కూడా ఎత్తేవాణ్ణే, కిందపడితే ఓటు చెల్లదేమోనని ఆగాను. నా కేక విని ఏట్లో మలుగుపాములు ఒడ్డుకొచ్చాయంటే ఎవడూ నమ్మడు గానీ, వచ్చాయి.

ఓడెక్కి ఆ సభకని వెల్లింగ్టన్ వెళ్ళావు. పైన ఈకల దుప్పటి, కింద బూట్లు. ఏం ఠీవి, ఏం ఠీవి. మరి అక్కడేం సాధించావయ్యా? నువ్వు మాట్లాడ్డానికి లేస్తే దొరలు భోజనానికి లేచేవాళ్ళంట. నీ మాట ఇంగ్లీషులో చెప్పడానికి పెట్టిన మనిషి కూడా వాళ్ళెనకాలే పోయేవాడంట. గోడలకి చెప్పుకున్నావు మన గోడు.

పోనీ, అది నీ తప్పు కాదులే. ఆ రోజు సంగతి చెప్పు. మన కొండ, దాని చుట్టూ నేల దొరలకి ఇచ్చెయ్యాలా వద్దా అని బిల్లు. ఔనన్నవాళ్ళు కుడికి నడవాలి, కాదన్నవాళ్ళు ఎడమకి. ఆ ముక్క నీకు చెప్పే దిక్కు లేదు. గంట కొట్టారు, అందరూ లేచారు. నువ్వేమో... మన ఊళ్ళల్లో ఎవరి సభాఇంటికెళ్ళినా వచ్చిన చుట్టాలకి కిటికీ వైపు, కుడిపక్క అని పుట్టినప్పట్నించీ నేర్చినోడివి కదా. పరాయి చోటు, మర్యాద తప్పకూడదనుకున్నావు.

కుడికి నడిచావు.

తాతలు పడుకున్న కొండని మర్యాదగా ఇచ్చేసి ఇంటికొచ్చావు బావా. వచ్చి నువ్వే చెప్పావు. నేను కూడా నవ్వలేదు.

నువ్వు ఎడమకి నడిచినా ఆ బిల్లు నెగ్గేదే. ఆమాత్రం తెలుసు నాకు. తర్వాత మళ్ళీ వెళ్ళి వెనక్కివ్వమని అడిగావు కూడా. ఈసారి ఆ ఇంగ్లీషు చెప్పే మనిషి నీ మాట సరిగ్గానే చెప్పాడంట, దొరలు కూర్చుని విన్నారంట. అయినా ఏమైంది? కంచె వచ్చింది. గొర్రెలొచ్చాయి.

లోపల నీ పెళ్ళాం, మా రిపేకా అక్క ఏడుపు వినిపిస్తోందా? ఇది ఎవరి చెవినా పడకూడదు, గొంతు తగ్గించి చెప్తాను. నిన్ను కొండమీద మీ అమ్మ పక్కనే పెట్టాలంట. నిన్న నేనే, ఇప్పుడా కొండ ఎవడి చేతిలో ఉందో ఆ మెక్రే దొర దగ్గరికెళ్ళాను. టోపీ తీసి నిలబడ్డాను, నేను. గొర్రెలు ఈనే కాలం, జనం వస్తే బెదురుతాయన్నాడు. ఒక్క పూట చాలు దొరా అని బతిమాలాను.

"ఆ రోజు మీ మెంబరు ఔనన్నాడు కదయ్యా," అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

తిరిగొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఉంది.

"ఏమన్నాడ్రా?"

"సరేనన్నాడక్కా."

ఏం చెప్పమంటావు మరి? నేనేం చెప్పినా కోతలని కొట్టిపారేసే మనిషి, ఇది మాత్రం ఠక్కున నమ్మేసింది. తలకి మన చావుల్లో చుట్టుకునే పచ్చాకుల దండ చుట్టుకుని, కొండెక్కడానికి తయారుగా కూచుంది.

రేపు ఆ కంచె గేటుకి తాళం ఉంటుంది. అక్కడ ఆవిడ నా వైపు తిరుగుతుంది. నీకేం బావా, హాయిగా కళ్ళు మూసుకున్నావు.