దారం అయిపోలే

అయిపోలే బిడ్డా, దారం అయిపోలే. అయిపోయిందని మీ తాత, అయిపోలేదని డానియేలు, పదకొండేండ్లు ఈ మెట్ల మీదనే కొట్లాడిర్రు, నన్ను నడిమిట్ల వెట్టి. కూసో లాస్యా. గా స్టూలు గాదు, దాని కాలు ఇరిగింది, ఈ పీట మీద కూసో. ఏంది, మీ తాత నోటుబుక్కా? నాకు సూపెడ్తే ఏం లాభం, రెండో క్లాసుల పలక పలగ్గొట్టి ఇంటికొచ్చినదాన్ని. అంకెలైతే గుర్తువడ్తయ్, రాసింది నువ్వే చదువు. ఆఁ... "పియానో ఆయన మంచి కుటుంబంలో పెరిగినవాడిలా వాయిస్తాడు, డెబ్బై ఒకటి." గదే, గదే మీ తాత. "డ్రమ్ములాయనకి ఎక్కడో బస్సు వెళ్లిపోతోంది, నలభై నాలుగు." "ఈవిడ పాడుతుంటే పక్కింటివాళ్ల గుట్టు మనకి చెబుతున్నట్టుంటుంది, ఎనభై రెండు." ఒక్కో జాజ్ రికార్డుకు నూటికిన్ని అని ఎర్ర సిరాతోని మార్కులేస్తుండె, పరీక్ష పేపర్లు దిద్దినట్టు. ఇవన్నీ ఫోన్ల పెడ్తున్నవా? మంది చదువుతుర్రా? పనిలేనోళ్లు మస్తుగనే ఉన్నరైతే. గీ "రా. నాలుగు మూరలు" అంటే ఏందంటవా? రా అంటే నేను, రాజమణి. మరి గీ ట్రంపెట్ రికార్డుకు ముప్పై ఆరు కొట్టేసి, నూటికి పదమూడు వందల యాభై ఎట్లేసిండంటే, జర ఓపిక వట్టు. ఆ మల్లెల గంప ఇటు జరుపు, కట్టుకుంట చెప్త.

మీ తాత శ్రీహరిరావు సారు మా మీది రూములకు కిరాయికొచ్చినప్పుడు యాకుత్‌పురాల గింత రద్దీ లేకుండె. సర్కారు ఆఫీసుల లెక్కలు తనిఖీ జేసే కొలువు. ఆంధ్ర దిక్కు మనిషి, నన్ను "రాజమణిగారూ" అంటుండె. నన్ను గారూ అన్నోడు అంతకుముందు ఎవ్వడు లేడు, కరెంటు బిల్లు ఎగ్గొట్టనీకేమో అనుకున్న. నా అనుమానం తప్పు గాలే. "ఈ పాటల పెట్టె బల్బు కంటే తక్కువ కరెంటు తింటుందండీ" అని నెల నెలా లెక్క కట్టి సూపెట్టేటోడు. కొత్తిమీర కట్టకాడ అర్ధగంట బేరం, మీ అమ్మమ్మ శారదాంబ సిగ్గుతోని లోపటికి వోతుండె. గసొంటి మనిషి జీతం రాంగనే పోయి ఒక రికార్డు కొనుక్కొచ్చుకుంటడు. దాని అట్ట మీద మనిషంత పెద్ద ఫిడేలు నిలవెట్టి గోకుతున్నోడు ఒకడుంటడు. మా ఆయన ఉంటే కిరాయికే ఇయ్యకపోవు. ఆయన అప్పటికే పోయి ఆరేండ్లు. ఫికర్ లేదు.

ఇగ డానియేలు. పక్క గల్లీల ఉంటుండె, రైల్వేల ఫిట్టరు, సాయంత్రం పెండ్లి బరాత్‌ల బ్యాండుల ట్రంపెట్ ఊదుతుండె. ఒక ఐతారం చర్చి కెల్లి వస్తా వస్తా పైనుంచి పాట ఇని అక్కడ్నే నిలవడ్డడు. "సార్, గిది ఎవరిది?" అని ఒచ్చిండు, ఇగ ప్రతి ఐతారం అదే లొల్లి. మీ తాత ఏ రికార్డుకు నలభై వేస్తే డానియేలు దానికి తొంభై అంటడు. "మీరు ఎన్నడన్న ఒక పీపీ అన్న ఊదిర్రా సార్?" "వంట వచ్చినవాడే తినాలంటావా డానియేలూ, నాకు నాలుక లేదా?" నేను కింద మెట్టు మీద గుడిమల్కాపూర్ మార్కెట్ల తెచ్చిన పూలు కడ్తుంట. ఎడమకాలి బొటనవేలికి దారం ఉండ, చేతికి పని. ఒకనాడు డానియేలు నా దిక్కు జూసి, "సార్, గీ మనిషి చేయి ఆగదు. నేను పదేండ్లసంది జూస్తున్న. మొగుడు పోయిన కబురొచ్చినప్పుడు గూడ చేతిల ఉన్న మూర పూర్తి జేసి లేచింది" అన్నడు. నిజమే జేసిన. సగం కట్టినయి ఇడిసిపెడ్తే విచ్చుకపోతయ్, ఎవడు కొంటడు. "రాజక్క చేయి ఏ పాటకు ఆగుతదో గా పాట గొప్పది. ఆమెకు చదువు లేదు, అబద్ధమాడనీకి రాదు" అన్నడు. చదువు లేకుంటే అబద్ధం రాదనుకున్నడు, పాపం.

అప్పటిసంది పాటకు ఎన్ని మూరలు కట్టిననో మీ తాత బుక్కుల రాసుడు. ఏ పాటకూ చేయి ఆగలే. ఆఖరికి డానియేలు ఒక రికార్డు వట్టుకొచ్చిండు, ఏదో బరాత్ ఇంట్ల పాత సామాన్లల్ల దొరికిందట. ఒక్క ట్రంపెట్ మనిషి. నా ముంగట పెట్టకముందే మీ తాత ఒకపారి ఇని దానికి ముప్పై ఆరు వేసిండు. ఎందుకంటే ఆ మనిషి నడిమిట్ల ఆగిపోతడట. "డబ్బులు పెట్టి కొన్నాం కదండీ, వాయించాలి. ఆగినందుకు కూడా డబ్బులివ్వాలా?" డానియేలేమో, "గా ఆగుడే సార్ అసలు పాట." పందెం కాసుకున్నరు. రాజమణి చేయి ఆగకపోతే డానియేలు ఇగ మార్కుల మీద నోరెత్తొద్దు. ఆగితే మీ తాత డానియేలు బ్యాండు మొత్తాన్ని పిలిపిచ్చి, అడిగినంత బేరం ఆడకుండ ఇచ్చి, రోడ్డు మీద నిలవడి ఇనాలె.

పెట్టిర్రు. నేను కడ్తనే ఉన్న. ఆ మనిషి వాయించుకుంట వాయించుకుంట ఒక్క కాడ ఆగిండు. సూది గరగర తప్ప సప్పుడు లేదు. ఏమైంది వీనికి, మళ్ల మొదలువెడ్తడా పెట్టడా అనుకున్న. చూస్తే నా చేయి మల్లెమొగ్గ వట్టుకోని గట్లనే గాలిల ఉన్నది. ఇద్దరు మగోళ్లు గుడ్లప్పగిచ్చి దానినే చూస్తుర్రు. సిగ్గయింది బిడ్డా. దారం ఉండను కాలి కిందికి తోసిన. ఇంక రెండు మూరలకొచ్చే దారం. మీ తాత ఉరికొచ్చి, "చూశావా డానియేలూ, దారం అయిపోయింది, అందుకే ఆగింది" అన్నడు. "దారం అయిపోతే చేయి దారం కోసం దేవులాడ్తది సార్. గిది ఆగింది." ఇద్దరు నా మొకం జూసిర్రు. నేను "ఏమో, నాకేం యాద్ లేదు" అని గంప ఎత్తుకోని లోపటికి పోయిన.

ఇగ జూడు మజా. మరుసటి ఐతారం మీ తాత గోంగూర పచ్చడి సీసా తెచ్చిండు. "రాజమణిగారూ, తొందరేం లేదండీ, గుర్తొచ్చినప్పుడు చెప్పండి." డానియేలు కీమా సమోసలు తెచ్చిండు, క్రిస్మస్‌కు కేకు. చెప్తే ఏమొస్తది? చెప్పకపోతే పచ్చడొస్తది. పదకొండేండ్లు తిన్న. మీ అమ్మ భాగ్యశ్రీ పెండ్లి గూడ అయిపోయింది. పెండ్లిల బ్యాండు పెట్టమంటే మీ తాత, "అది పందెం లెక్కలోకి వస్తుందేమో, వద్దు" అన్నడు. ఏం మనిషో.

ఎండకాలం, మంగళారం పొద్దుగాల. డ్యూటీకని సైకిలు తీసుకుంట తీసుకుంట డానియేలు పడిపోయిండు. గంతే. లేవలే. నేను పైకి పోయిన. మీ తాత అప్పటికే అంగీ ఏసుకుంటుండు. "సార్, దారం ఉండె" అన్న. ఆయన గుండీలు పెట్టుకునుడు ఆపలే. "తెలుసండీ" అన్నడు. తెలుసట. పదకొండేండ్లు పచ్చడి తెచ్చుకుంట తెలుసట. నాకన్న పెద్ద దొంగ. డానియేలుకు మాత్రం నేను చెప్పకపోతి. ఏం ఫరక్ పడుతుండెనో... సమోసలు బందయితుండె, గంతే గద. గా కత్తెర ఇటియ్యి.

బ్యాండోళ్లు గల్లీ మొగదాల నిలవడ్డరు, తమ మనిషిని తామే సాగనంపనీకి. మీ తాత చక్కగ వాళ్ల మేస్త్రి ప్రేమ్‌రాజ్ కాడికి పోయి, "రేటెంతండీ?" అన్నడు. "మా అన్న సావుకు రేటేంది సార్, పైసలొద్దు." "కుదరదండీ. పందెం." "మనిషికి నూటయాభై సార్, ఎనిమిది మందిమి, పన్నెండు వందలు." ఇగ బేరం మొదలువెడ్తడు, అందరి ముంగట ఇజ్జత్ తీస్తడు అనుకున్న. మీ తాత వేళ్ల మీద లెక్కవెట్టిండు. "ఎనిమిది కాదండీ, తొమ్మిది." "ట్రంపెట్ లేదు గద సార్." "ఎందుకు లేదు? ఆగాడు, అంతే. ఆగినంత మాత్రాన డబ్బులు కోసేస్తామా?" అని, ప్రేమ్‌రాజ్ టోపీ తిరగేసి పట్టుకుంటే, నోటు మీద నోటు లెక్కవెట్టి దాంట్ల ఏసిండు. పదమూడు వందల యాభై.