ఉప్పు పట్టిన ఉసిరి

సిరోంచలోని ఆ ఇంటి వాకిట్లో చాట నిండా ఎండు ఉసిరి ముక్కలున్నాయి. మొగుడూ పెళ్లాల మాటలు పొయ్యి దగ్గరున్న కొడుకుకూ కోడలికీ వినబడుతూనే ఉన్నాయి.

"మల్ల నోట్లె ఏస్కున్నవా? పొద్దటిసంది ఇదే పని!"

"డాక్టరే చెప్పిండు గదనే, ఉసిరి గుండెకు మంచిదని. అండ్ల ఉన్న సత్తువ నరాలు ఖరాబ్ గాకుంట చూస్తదట. రేడియోల గూడ అన్నరు."

"చూడొచ్చు అన్నడు. గోళీలు బంద్ చెయ్యమన్నడా?"

"మింగుతనే ఉన్న. జర పరేషాన్ చెయ్యకు."

"మరి కాళ్లెందుకు ఉబ్బినయ్? వాకిలి దాటితే దమ్మెందుకొస్తుంది? ఉప్పు ముట్టొద్దన్నడు గదా!"

"చప్పటి కూర తింటలేనా? మీరందరు కమ్మగ తింటుంటె నాకొక్కనికే వేరే గిన్నె!"

"కూర చప్పగ తిని, ఉప్పుల ఊరిన ఉసిరి బుక్కితే ఏం ఫాయిదా?"

"ఉప్పు పట్టిచ్చిందెవలు? పాతగూడెం దిక్కు అడివిల ఏరుకొచ్చుడే నా పని."

ఆమె ఒక ముక్క తీసి నాలుకకు తాకించి చూసింది.

"మా అమ్మ గిట్లనే ఎండబెట్టేది. నేను గూడ గట్లనే పెట్టిన. ఆ చాట ఇటియ్యి."

"పారబోస్తవా? మరి నా గుండెకు?"

"పచ్చివి తిను."

"నోట్ల పండ్లు పులుస్తయ్ గదనే!"

"పులవనియ్యి."

ఆమె చాట చంకన పెట్టుకుని లేచి, గొంతు పెంచకుండా లోపలివాళ్లకు చెప్పింది.

"మీ నాయినకు వేరే గిన్నె ఇగ బంద్. ఈ పూట సంది అందరికి ఒకటే చప్పటి కూర. ముందుగాల నాకు వడ్డించుండ్రి."