తొడ మీద మూడు తన్నులు

పత్తికొండ దగ్గరి ఒక ఊళ్ళో, చర్చి ఆవరణలో మూతపడిన పాత హాస్టలు హాలు. ఆదివారం ఆరాధన ముగిసింది. ఆ హాలు ఎవరికివ్వాలో తేల్చే చర్చి కమిటీ వాళ్ళు రావడానికి ఇంకా కొంచెం సమయం ఉంది. నిన్న కర్నూల్లో కిక్‌బాక్సింగ్ ఫైట్ ముగించుకొని వచ్చిన అరుణ్ కుమార్‌కు ఎడమ కన్ను పూర్తిగా మూసుకుపోయింది. మిగిలిన కంటితో అతను మేనమామ జయరాజ్‌ను చూస్తున్నాడు.

"ఇది గెలిచినోని మొహమా అప్పా? అద్దంలో చూసుకున్నావా?"

"గెలిచినా మామా. మెడల్ ఉండాది గదా."

"మెడల్‌ది ఏముండాది. మన సండేస్కూల్లో వాక్యం తప్పు చెప్పినోనికి గూడా ఒక టిఫిన్ డబ్బా ఇస్తాం, ఏడుస్తాడని. నేను అడిగేది మొహం గురించి."

"మొహంతో ఏం పని మామా. ఓబులేష్ మూడో రౌండుకు రాల్యా. స్టూలు మీద కూచున్నోడు కూచున్నట్టే ఉండిపాయ. రూలు ప్రకారం నేను గెలిచినట్టు."

"ఆ కడపోని మొహం నేను చూడల్యా? మూడో వరసలో కూచుంటి. పెళ్ళికొడుకు మాదిరి ఉండాడు. ఒక్క గీత లేదు. నీదేమో కాల్చిన వంకాయ."

"గుద్దినాడు, నిజమే."

"వాడు గుద్దినాడు. నువ్వేం చేసినావు? ఎంతసేపు చూసినా వాని తొడ కాడే ఉంటివి. తన్నేది, వెనక్కి వచ్చేది. తన్నేది, వెనక్కి వచ్చేది. గేదె ఈగను తోలుకున్నట్టు."

"దాన్ని లో కిక్ అంటారు మామా."

"ఏమన్నా అనుకోనీ. మన సీమలో తొడ కొట్టేదంటే ఏంది? ఎవని తొడ వాడు కొట్టుకోవల్ల. ఎదురుగా ఉన్నోని తొడ కొట్టేది నీ దగ్గరే చూసినా."

"రెఫరీ నా చెయ్యి ఎత్తినప్పుడన్నా తెలియల్యా నీకు?"

"ఎత్తినాడు. దెబ్బలు తిన్నోడు వీడే అని జనానికి చూపిస్తాండాడేమో అనుకుంటి. మన ఊరోళ్ళు జీపులో పన్నెండు మంది వచ్చిరి. డోన్ దాటేదాకా ఒక్కడు నోరు తెరవల్యా. టీ కాడ మన పక్కింటి నిస్సీ మొగుడు మెల్లగ అడిగినాడు, 'ఇంత మందిలో ఓడిపాయ గదా పెద్దాయనా, పిల్లోనికి బాధ ఉండదా' అని."

"నువ్వేమంటివి?"

"తలకాయ ఊపితి."

"ఓడిపోయినానని ఊపితివా?"

"బాధ ఉంటాదని ఊపితి."

"మామా, ఆటలు ఆడొద్దు. ఇంగ కాసేపటికి కమిటీ వస్తాది."

"వస్తాది. ఏడు మందిమి. ముగ్గురు నీ దిక్కు, ముగ్గురు టమాటా సేటు దిక్కు. సేటు ఈ హాల్లో క్రేట్లు పెట్టుకుంటానంటాండాడు, అద్దె ఇస్తానంటాండాడు. నువ్వేమో తన్నులాట నేర్పిస్తానంటాండావు."

"ఏడో మనిషి నువ్వే గదా."

"నేనే."

"నువ్వు నా దిక్కే గదా మామా."

"చూస్తాం."

"చూస్తాం అంటే?"

"చూస్తాం అంటే చూస్తాం."

"ఇరవై రెండు మంది పిల్లోళ్ళు మామా. కంకర మిషను పక్కన బీడు నేలలో నేర్పిస్తాండా. పడితే మోకాళ్ళు చీరుకపోతాండాయి. తల్లులొచ్చి నన్ను తిడతాండారు. ఈ హాలు రాకపోతే ఇంగ మూసుకోవడమే. నేను గూడా పోయి మార్కెట్లో ఆ సేటు క్రేట్లే మోయల్ల. మొన్ననే చెప్పినా గదా నీకు."

"చెప్పినావు. అందుకే అడుగుతాండా. ఓటు కాడ నేను నీ కోసం లేచి నిలబడితే ఎందుకు లేచినావంటారు. మావోడు గెలిచినాడు, అందుకే లేచినా అనల్ల. నీ మొహాన్ని పక్కన పెట్టుకోని ఆ మాట అనేదానికి నాకు నోరు రావల్ల గదా."

"ఓబులేష్‌కు ఫోన్ చెయ్యి. వాడే చెప్తాడు. పొద్దున వాడే చేసినాడు, నా కన్ను ఎట్లుండాదని."

"ఏమంటాడు?"

"బాత్రూముకు పోవల్లన్నా ఇద్దరు పట్టుకోని పోతాండారంట. చెప్పుకోని నవ్వుతాండాడు."

"దాంట్లో నవ్వేదేంది?"

"వాడు అట్లే. నిన్న గూడా రెఫరీ అడిగితే ఒకటే మాట చెప్పినాడు. 'సార్, నా కాలు పని చేయడంల్యా, నేను లేయలేను' అని. మైకులో అందరికీ వినపడింది."

"నాకు వినపడల్యా. అంత మందిలో చెప్పినాడా? లేయలేనని?"

"ఊ."

"వాళ్ళ నాయన ఉన్నాడా ఆడ?"

"ముందు వరసలోనే."

"నేనైతే సచ్చినా చెప్పను. సరే, రా. ఒకటి కొట్టు."

"ఏంది?"

"నా తొడ మీద కొట్టు. వాడు చెప్పేది వీడు చెప్పేది ఎందుకు నాకు. తగిలిందంటే నేనే చెప్తా వాళ్ళకు, ఇట్ల ఉంటాదని."

"వద్దు మామా. యాభై ఆరేండ్లు నీకు."

"పదారేండ్ల వయసు నుంచి గంపలు మోసిన కాలప్పా ఇది. పంచె ఎగగట్టినా చూడు. ఏ కాలు ముందర పెట్టల్ల?"

"ఎడమది. మామా, అత్తకు తెలిస్తే నన్ను..."

"మీ అత్త బనగానపల్లెలో వాళ్ళక్క ఇంట్లో మామిడిపండ్లు తింటాండాది. కొట్టు."

"మెల్లగ కొడతా."

"ఊ, కానీ."

"ఎట్లుండాది?"

"కొట్టినావా?"

"మెల్లగ అంటి గదా."

"మా మనవరాలు ఇంతకంటే బాగ తంతాది. ఇంగోటి. మనసు పెట్టి."

"సరే. ఊపిరి బిగపట్టుకో."

"ఊ."

"తగిలిందా?"

"ఏమీ లేదు."

"కన్ను మూసినావు మామా."

"దుమ్ము పడింది. హాలు ఎన్నాళ్ళ నుంచి ఊడ్చల్యా. ఇంగోటి. నిన్న వానికి కొట్టినట్టే కొట్టు. ముసలోడని తగ్గించినావంటే నేను నీకు లేయను, ఇప్పుడే చెప్తాండా."

"తర్వాత నన్ను అనగూడదు."

"కొట్టమంటే..."

"మామా."

"ఏంది."

"ఎట్లుండాది?"

"ఎట్లుండేదేంది. ఏమీ లేదు. చూడు, నిలబడే ఉండా. పడినానా?"

"దీనికి ఎవరూ పడరు మామా."

"మరి దీని గొప్పేంది. ఉండు, నిలబడి మాట్లాడేదేంది, ఈ బెంచీ మీద కూచుందాం. ఆ. ఇప్పుడు చెప్పు."

"మొహం మీద పడిందనుకో, పడిందని తెలిసిపోతాది. కోపం వస్తాది, తిరిగి కొడతాం. కాలి మీద పడితే మనిషి లెక్కలోకి తీసుకోడు. రెండోది పడినా తీసుకోడు. ఏం కాలేదులే అని లోపల్లోపల చెప్పుకుంటా ఉంటాడు. ఆ చెప్పుకునేదాంట్లోనే వాని టైమంతా పోతాది. చూసేవాళ్ళకు గూడా ఏమీ కనపడదు. పాపం వాడే నవ్వుతా రమ్మంటాడు, ఇంగోటి కొట్టమని."

"ఎవరు?"

"ఓబులేష్. నన్ను అట్లే పిలిచినాడు, చేతులు చాపి."

"వానికి ఎప్పుడు తెలిసింది?"

"కూచున్నాక. నిలబడి ఉన్నంతసేపు ఎట్లనో నడుస్తాది. ఒక్క నిమిషం కూచున్నామా, బిగుసుకపోతాది."

"అట్లయితే కూచోవద్దని ముందే చెప్పల్ల గదా."

"ఎవరికి?"

"ఆ కడపోనికి."

"నేనెందుకు చెప్తా మామా వానికి?"

"అదీ నిజమే. ఎన్ని దినాలకు తగ్గుతాదంట?"

"వానికా?"

"వానికే."

"మూడు నాలుగు దినాలు. ఐస్ పెట్టల్ల. నీకేమన్నా పెట్టేదా?"

"నాకెందుకప్పా."

"చెమట కారుతాండాది."

"ఎండ."

"హాల్లో ఎండ యాడుండాది?"

"రేకులు కాగినాయి గదా పైన."

"మామా, ఒకసారి లే."

"ఎందుకు?"

"ఊరికే. నాలుగడుగులు నడువు."

"ఊరికే నడిచేదానికి నాకు షుగరుందా? కూచోనీ. పెద్దోళ్ళు కూచుంటే ఓర్వలేరు."

"నిజం చెప్పు. లేయగలవా?"

"ఏం మాటలురా అవి. అడుగో ఏసుకుమార్ వస్తాండాడు. గమ్మునుండు."

కమిటీ వాళ్ళు ఆరుగురూ వచ్చి బెంచీల మీద సర్దుకున్నారు. కార్యదర్శి ఏసుకుమార్ మినిట్స్ పుస్తకం తెరిచాడు.

"వందనాలు జయరాజన్నా. మాకన్నా ముందే వచ్చినావే."

"వందనాలప్పా."

"ప్రార్థన చేసి మొదలు పెడదాం. అందరూ లేచి నిలబడండి. అన్నా, ప్రార్థన."

"కానీ అప్పా. నేను కూచోనే చేస్తా."

"కూచోనా? ఇన్నేండ్లలో నువ్వు కూచోని ప్రార్థన చేసింది నేను చూడల్యా."

"అందుకే ఒక తూరి చేసి చూద్దామని. తగ్గించుకోవల్ల గదా మనిషి."

"సరే. పరలోకమందున్న మా తండ్రీ, ఈ హాలు విషయంలో మాకు ఒక మనసు దయచేయుము. బయట సేటు లారీ వాడు తొందర పెడతాండాడు గనక త్వరగా దయచేయుము. ఆమెన్. కూచోండి. అన్నా, నువ్వు కూచోనే ఉండావు, సరే."

"ఊ."

"నియమం అందరికీ తెలిసిందే. ఒప్పుకునేవాళ్ళు లేచి నిలబడల్ల. కూచున్నోళ్ళు వద్దన్నట్టు. చేతులెత్తే పద్ధతి లేదు, అప్పుడు ఒకాయన రెండు చేతులూ ఎత్తినాడని తీసేస్తిమి. ఎవరి కాళ్ళ మీద వాళ్ళే లేయల్ల. పోయిన తూరి ఒక పెద్దాయన్ని జబ్బలు పట్టి లేపిరి, దానికి రెండు వీధులు ఆర్నెల్లు మాట్లాడుకోల్యా. కాబట్టి ఎవరూ ఎవర్నీ ముట్టుకోవద్దు. అరుణ్, నువ్వు కొంచెం దూరం జరుగప్పా."

"జరిగినా అన్నా."

"అరుణ్ కుమార్‌కు హాలు ఇద్దామనేవాళ్ళు లేవండి. సంతోషమ్మక్క, ఒకటి. కృపారాణి, రెండు. మహిమ, మూడు. ఇంగ... జయరాజన్నా."

"ఊ."

"లేయన్నా."

"ఆలోచిస్తాండా."

"ఇప్పుడేం ఆలోచన? నిన్న కర్నూలు నుంచి దిగి, ఇంటికి గూడా పోకుండా నా వాకిట్లోకి వచ్చి ఏం చెప్పినావు? 'మావోడు గెలిచినాడు, వాని తన్నులకు కడపోడు కుర్చీ వదల్యా, రేపు అందరికన్నా ముందు నేనే లేస్తా' అంటివి. మా ఇంటామెను లేపి మరీ చెప్పినావు."

"మామా, నిజమా?"

"నువ్వు గమ్మునుండు."

"మరి పొద్దున్నుంచి నన్నెందుకు సతాయిస్తివి?"

"మేనమామ సతాయించకపోతే ఎవరు సతాయిస్తారు. నీ నోటితో ఇంగో తూరి విందామని."

"అయితే చెప్పు మామా. వాళ్ళకు చెప్పు. నేను తన్నినా, కాలు పని చేయడంల్యా అని చెప్పు. ఒక్క మాట."

"ఏమంటాండాడన్నా అరుణ్?"

"ఏమీ లేదప్పా. వానికి కన్ను నొస్తాందంట."

"నీకేమన్నా కాలు నొప్పా? నొప్పయితే దాచుకునేదేంది. లేయలేనివాళ్ళకు నియమంలో సడలింపు ఉండాది. 'నేను లేయలేను' అని అందరి ముందర నోటితో చెప్తే చాలు, లేచినట్టే రాసుకుంటా."

"నాకా? నొప్పా?"

"చెప్పు మామా. రెండు మాటలు. నిన్న ఓబులేష్ అంత మందిలో చెప్పల్యా?"

"ఓబులేష్ కడపోడు."

"ఓబులేష్ ఎవరన్నా?"

"ఎవరూ కాదప్పా. వీని స్నేహితుడు. మొహం మటుకు పెళ్ళికొడుకు."

"మామా, ఇరవై రెండు మంది పిల్లోళ్ళు బయట గోడ మీద కూచోని చూస్తాండారు."

"కనపడతాండారు."

"నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకోవద్దు. ముట్టుకోవద్దురా దాన్ని."

"దేన్ని అన్నా?"

"దేన్నీ కాదు."

"అన్నా, సేటు హారను కొడతాండాడు. పుస్తకంలో నేను ఏదో ఒకటి రాయల్ల. సంతోషమ్మక్క ఎంతసేపని నిలబడుతాది, మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆమె నొప్పని చెప్పి గూడా లేచింది. నువ్వు లేయలేకనా, లేయగూడదనా?"

"లేయలేక ఏంది, నాకేం రోగం. వాని మొహం చూడు, నిన్న అంత మందిలో ఓడిపోయి వచ్చినాడు. ఓడిపోయినోనికి నేను లేయను, రాసుకో."